ఒకే గొట్టంలో రెండు లైన్లు

మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మా నెట్ అంతకు ముందు రాత్రే పోయింది. అప్పటికి గాలి ఇంకా ముదరలేదు. మా టవర్లు నిలబడే ఉన్నాయి, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, ఊరికీ ఊరికీ మధ్య రేడియోలు ఎప్పటిలా సిగ్నలు పట్టుకునే ఉన్నాయి. తెగింది మా సొత్తు కాదు. మేం కొని తెచ్చి అమ్మే సరుకు రావటం ఆగిపోయింది. రెండు కంపెనీల దగ్గర, వేర్వేరు దారుల్లో వస్తాయని కాగితం రాయించుకుని తీసుకున్న రెండు లైన్లు ఒకదాని వెంట ఒకటి పడిపోయాయి. కంప్యూటర్ తెర మీద మొదటిది ఎర్రబడింది. రెండోది అందుకుంటుందిలే అని చూస్తుండగానే అదీ ఎర్రబడింది.

చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ నల్లరేగడి ఊళ్లు మావి. పత్తి, మిరప, పొగాకు, శనగ. మా నాన్న కేబుల్ టీవీ నడిపాడు. పల్లెల్లో కూడా సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి కావటం, 2016 సెప్టెంబరులో జియో రావటం కాస్త అటూ ఇటూగా జరిగాయి. కేబుల్ ఒక్కదాని మీదే ఇల్లు గడవదని ఆ ఏడాదే తేలిపోయింది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్ మూడూ ఇస్తామంటూ కరెంటు స్తంభాల మీద తీగ వేసుకుంటూ వచ్చారు. నాకు తెలిసిన కేబుల్ ఆపరేటర్లు చాలామంది అందులో చేరారు. నాకు కుదరలేదు. నా గిరాకీ ఊరి నడుమ తక్కువ, పొలాల మధ్య ఎక్కువ: కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగు మిల్లులు, మార్టూరు వైపు గ్రానైటు ఫ్యాక్టరీలు, ఊరికి దూరంగా కట్టుకున్న కాలనీలు. అక్కడికి స్తంభం స్తంభం పట్టుకుని తీగ లాగితే పెట్టుబడి నా తరంలో తిరిగి రాదు.

అందుకే తీగకు బదులు రేడియో డిష్‌లు. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోనిచ్చింది. అంతకు ముందు ఆరుబయట వాడుకోవటానికి ఇచ్చింది 5.8 దగ్గర చిన్న ముక్క. ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు ఒకే మండలంలో ఉంటే ఒకరి సిగ్నలు ఒకరికి అడ్డుపడేది. కొత్త ఉత్తర్వు వచ్చాక చానళ్లు పంచుకోవటానికి చోటు దొరికింది. మా నేల కూడా బల్లపరుపు. కోల్డ్ స్టోరేజీ పైకప్పు మీద ఇరవై అడుగుల పైపు నిలబెడితే పక్క మండలం దాకా కనిపిస్తుంది. కళ్లకు కనిపిస్తే చాలదు, అది వేరే సంగతి. పది కిలోమీటర్ల లింకులో సరిగ్గా మధ్యలో, చూపు గీతకు చుట్టూ పదకొండు మీటర్ల వ్యాసార్థంలో తరంగం పరుచుకుంటుంది. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. మిరప చేనుతో పేచీ లేదు. పేపరు మిల్లుల కోసం వేసే సుబాబుల్, జామాయిల్ తోటలతోనే పేచీ. నాటిన ఏడు మోకాలెత్తు ఉంటుంది, మూడో ఏటికి మన సిగ్నల్లో తల పెడుతుంది.

మొదట ఒక పెద్ద కంపెనీకి ఫ్రాంచైజీగా ఉండి, తర్వాత సొంత లైసెన్సు తీసుకున్నాను. టెలికం శాఖ ఇచ్చే నెట్ లైసెన్సుల్లో ఏ అంటే దేశమంతా, బీ అంటే రాష్ట్రమంత సర్కిలు, సీ అంటే ఒక జిల్లాకు అటూ ఇటూగా ఉండే ఏరియా. సీ తరగతికి అప్పట్లో ప్రవేశ రుసుము 20 వేల రూపాయలు. బ్యాంకు గ్యారంటీలు వేరే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక మా ఊళ్లు కొన్ని పల్నాడులో, కొన్ని బాపట్లలో పడ్డాయి. టెలికం వాళ్ల లెక్కలో మాత్రం మేం ఇప్పటికీ పాత గుంటూరు, ప్రకాశం ఏరియాలే. రోడ్డుకు అటు ఒక లైసెన్సు, ఇటు ఒక లైసెన్సు.

మా దగ్గర కనెక్షన్ పెట్టించుకున్నవాళ్లలో చాలామంది నెట్ గాల్లోంచి వస్తుందనుకుంటారు. ఇంటి మీద డిష్ కనిపిస్తుంది మరి. గాల్లో వచ్చేది చివరి కాసిని కిలోమీటర్లే. మిగతాదంతా భూమి లోపలా సముద్రం లోపలా వస్తుంది. సముద్రపు కేబుళ్లు మాకు దగ్గరగా ఒడ్డెక్కేది చెన్నైలో. సింగపూర్ నుంచి ఐ2ఐ 2002లో, టాటా వాళ్ల కేబులు 2004లో, యూరప్ దాకా పోయే సీ-మీ-వీ 4 2005లో అక్కడికి వచ్చాయి. అక్కడి నుంచి నెట్ కలకత్తా హైవే పక్కన పూడ్చిన ఫైబర్ల మీద ఒంగోలు, చిలకలూరిపేట, గుంటూరు దాటి పైకి పోతుంది. ఇంకో వైపు హైదరాబాదు. దేశంలోని నెట్ కంపెనీలు ఒకరి ట్రాఫిక్ ఒకరికి ఇచ్చిపుచ్చుకునే నిక్సీ అనే సంస్థ 2003లో పుట్టింది. దానికి హైదరాబాదులో కూడా కూడలి ఉంది. యూట్యూబు, ఫేస్‌బుక్, నెట్‌ఫ్లిక్స్ జనం ఎక్కువగా చూసే వీడియోల నకళ్లను పెద్ద కంపెనీల దగ్గర పెట్టెల్లో ఉంచుతాయి. వాటిని క్యాష్ అంటాం. రాత్రి తొమ్మిదింటికి మా ఊళ్లలో నడిచే ట్రాఫిక్‌లో సింహభాగం ఆ పెట్టెల్లోంచి వచ్చేదే. అమెరికా దాకా పోవాల్సింది చాలా కొంచెం.

అందుకే మాకు బ్యాండ్‌విడ్త్ అమ్మేవాళ్లు రెండు రేట్లు చెబుతారు. క్యాష్‌లోంచి వచ్చేదానికి చవక రేటు, అసలు ఇంటర్నెట్‌కు ఇంకో రేటు. నెలకు ఒక ఎంబీ వేగానికి ఇంత అని బేరం. ఆ బేరం చూసి మురిసిపోయేలోగా మూడో లెక్క వస్తుంది: ఆ ఎంబీని హైదరాబాదు నుంచి మా గది దాకా తెచ్చే లింకు కిరాయి. మిర్చి టిక్కీ ధర కన్నా గుంటూరు యార్డుకు తోలే కిరాయి ఎక్కువైతే రైతు ఏమంటాడో నేనూ అదే అన్నాను మొదటి కొటేషను చూసి. లైను వేసినందుకు ఒకసారి డబ్బు, మూడు నెలల అద్దె ముందస్తుగా, పైన 18 శాతం జీఎస్టీ, ఏడాది తిరక్కుండా వదిలేస్తే మిగిలిన నెలల డబ్బు కూడా. ఇవన్నీ కట్టి కొన్నదాన్ని అందరికీ పంచటమే మా వ్యాపారం. వంద ఇళ్లకు తలా 50 ఎంబీ ప్యాక్ అమ్మినా ఐదు వేల ఎంబీ కొనం. అందరూ ఒకేసారి నిండా వాడరు. ఎంత కొంటే రాత్రి తొమ్మిదింటికి తిట్లు పడకుండా ఉంటాయో ఆ అంచనా మీదే మా లాభం, మా మర్యాద రెండూ ఆధారపడి ఉంటాయి. 2020 లాక్‌డౌన్‌లో ఆ అంచనా తలకిందులైంది. హైదరాబాదు, బెంగుళూరు నుంచి సాఫ్ట్‌వేరు పిల్లలంతా ఇళ్లకొచ్చి పొద్దున తొమ్మిది నుంచే లాగటం మొదలుపెట్టారు. అప్పటి నుంచి మా ఊళ్లలో నెట్ కూడా కరెంటు లెక్కలోకి వచ్చేసింది. పోతే ఊరుకోరు.

రెండో లైను తీసుకోవటానికి కారణం అదే. ఉన్న ఒక్క లైను రోడ్డు పనుల్లో జేసీబీ పంటి కింద పడుతూ ఉండేది. బకెట్ వేసేవాడికి కింద ఏముందో తెలీదు, తెలిసినా ఆగడు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి రెండో కంపెనీకి ముందస్తు కట్టాం. మొదటి కంపెనీ లైను చెన్నైలో తేలుతుంది, రెండోది హైదరాబాదులో. అమ్మకం మనిషి వచ్చినప్పుడు నేను ఒకటే అడిగాను, "మా ఊరి నుంచి హైవే దాకా మీ ఫైబరు ఎటు నుంచి పోతది సార్, ఇప్పుడున్న లైను పక్కనేనా?" అని. కాదన్నాడు. రూట్ మ్యాప్ ఇమ్మన్నాను. అది బయటికి ఇవ్వకూడదన్నాడు. సరే, కాగితం మీద రాసివ్వమన్నాను. మొదటి నుంచి చివరి దాకా వేరే దారి అని కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిచ్చారు. మా గదిలోకి కూడా అది రోడ్డుకు అవతలి స్తంభాల మీంచి వచ్చింది. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. మొదటి కంపెనీ పేరూ రాయను. జరిగింది ముఖ్యం.

డిసెంబరు 3, 4 తేదీల్లో చెన్నై మునిగిపోతుంటే టీవీలో చూస్తూ కూర్చున్నాం. చెన్నై లైను పోయినా హైదరాబాదు లైను ఉందిగదా అని ధైర్యంగానే ఉన్నాం. 4 రాత్రి రెండూ పోయాయి. మొదటి కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు. రెండో కంపెనీ వాళ్లు మా వైపు అంతా బాగానే ఉంది, మీ రౌటరు ఒకసారి ఆపి ఆన్ చేయండి అన్నారు. ఆపాను, ఆన్ చేశాను. పెట్టె బాగానే ఉంది, వెలుగే రావటం లేదు. ఫైబరులో వెలుగు రావట్లేదంటే తీగ ఎక్కడో తెగినట్టు. ఆ మాట చెబితే తెల్లారాక టీమును పంపుతామన్నారు.

తెల్లారలేదు, అంటే వెలుతురు రాలేదు. 5వ తేదీ పగలంతా గంటకు తొంభై, వంద కిలోమీటర్ల గాలి. కరెంటు అర్ధరాత్రే తీసేశారు. మధ్యాహ్నానికి సెల్ టవర్లు కూడా ఒక్కొక్కటే కూర్చున్నాయి. బ్యాటరీ అయిపోతే డీజిల్ పోసేవాడు రావాలి, వాడు రావటానికి రోడ్డుండాలి. ఫోన్లు తగ్గిపోయాయని సంతోషించే పరిస్థితి కాదు. జనం నేరుగా ఇంటికే వచ్చారు. పత్తి ఏరి వసారాలో పోసుకున్నవాళ్లు దాని మీద పట్టాలు కప్పుకోవటానికే చాలక, ఇంకా ఏరనిది చేలో నల్లబడిపోతుంటే చూస్తూ ఉన్నారు. మిరప చేలల్లో నీళ్లు నిలబడ్డాయి. వేరు కుళ్లి చెట్టు నిలువునా వడిలిపోతుందని అందరికీ తెలుసు. అలాంటి రోజున నెట్ గురించి అడగటానికి కొందరు మొహమాటపడ్డారు. మా వీధిలో పెద్దమ్మ ఒకావిడ మాత్రం తడుస్తూ వచ్చింది. కూతురు డాలస్‌లో ఉంటుంది. "నాయనా, పిల్ల అక్కడ బాపట్ల చూసి ఏడుస్తందంట. ఫోను మధ్యలోనే పోయింది. ఒక్క నిమిషం నా మొహం చూపిచ్చి ఆపెయ్యి" అంది. ఏం చెప్పాలి? మా డిష్ ఆమె డాబా మీద నిక్షేపంగా ఉంది. దాని వెనక టవరూ ఉంది. ఆ వెనక ఏమీ లేదు. ఈ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక, గాలి తగ్గనియ్యి పెద్దమ్మా అన్నాను.

గ్రామ సచివాలయం పిల్లలు వచ్చారు, పైనుంచి వివరాలు అడుగుతున్నారని. కోల్డ్ స్టోరేజీ మేనేజరు వచ్చాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే అమ్మాయి వచ్చి, సెలవు పెట్టటానికైనా నెట్ కావాలిగదా అన్నా అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం.

6వ తేదీ గాలి పడిపోయింది. కంపెనీల టీములు రాలేదు. ఎక్కడెక్కడో తెగాయి, పెద్ద లైన్లు ముందు చూసుకుంటారు. మాలాంటివాడి లైను వరసలో చివర ఉంటుంది. మాకు స్ప్లైసింగ్, అంటే ఫైబర్లు అతికే పని చేసే కుర్రాడి దగ్గర ఓటీడీఆర్ ఉంది. ఫైబరులోకి వెలుగు పంపి, అది ఎక్కడ తగిలి వెనక్కి వస్తుందో చూసి ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో చెప్పే మిషను. మొదటి లైనుకు పెట్టాం: 6,810 మీటర్లు. రెండో లైనుకు పెట్టాం: 6,650 మీటర్లు. కుర్రాడు నా వైపు చూశాడు. మిషను చెప్పేది తీగ పొడవు, రోడ్డు పొడవు కాదు. అక్కడక్కడా స్తంభాల దగ్గర, జాయింటు పెట్టెల దగ్గర తీగ చుట్టలు చుట్టి వదులుతారు. మొదటి లైనుకు మా ఊరి స్తంభాల మీద ఆ చుట్టలు ఎక్కువ. అవి తీసేస్తే రెండు అంకెలూ ఒకటే. "అన్నా, రెండూ ఒకే చోట తెగినయ్" అన్నాడు. నాకు కోపం రాలేదు అప్పటికి. కాళ్లు లాగేశాయి.

బండి మీద కొంత, నడిచి కొంత పోయాం. వాగు మీద కల్వర్టు. నీళ్లు రోడ్డు అంచును అడుగు నుంచి తినేసి పోయాయి. కల్వర్టు గోడకు కట్టిన గొట్టం విరిగి వేలాడుతోంది. గొట్టంలో ఒకే కేబులు, 24 ఫైబర్లది. నీళ్లు తగ్గాక వచ్చిన స్ప్లైసింగ్ మనుషుల దగ్గర ఆ తర్వాత విన్నది ఇది. ఆ గొట్టం మొదటి కంపెనీదీ కాదు, రెండో కంపెనీదీ కాదు. మూడో సంస్థ ఎప్పుడో తవ్వి పూడ్చి, అందులో ఫైబర్లు జతల లెక్కన అద్దెకిస్తుంది. మొదటి కంపెనీ ఒక జత తీసుకుంది. రెండో కంపెనీకి మా వైపు సొంత ఫైబరే లేదు. చివరి ముక్క కోసం ఇంకో చిన్న కంపెనీని పెట్టుకుంటే, వాళ్లు పోయి అదే సంస్థ దగ్గర అదే కేబుల్లో ఇంకో జత తీసుకున్నారు. మా ఊరి మొగన జాయింటు పెట్టె దగ్గర రెండూ విడిపోయి, ఒకటి రోడ్డుకు ఇటు, ఒకటి అటు వచ్చి మా గదిలో దూరాయి. హైవే ఎక్కాక ఒకటి చెన్నై వైపు, ఒకటి హైదరాబాదు వైపు పోతాయి. అంతవరకు నిజమే. లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టినాయనకు ఈ మధ్య ముక్క సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసి రాసినా తెలియక రాసినా నేను కట్టిన డబ్బు ఒకటే.

ఇప్పుడు ఎవరి దగ్గరికి పోవాలి? నరసరావుపేట వైపు ఒక ఆపరేటరు ఉన్నాడు. వ్యాపారంలో మాకు పడదు. కస్టమర్లను ఒకరివి ఒకరం లాక్కున్నాం, టవర్ల మీద ఒకరి చానల్లో ఒకరం దూరి తిట్టుకున్నాం. కానీ అతని లైను వచ్చే దిక్కు వేరు. గుంటూరు నుంచి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు మీదుగా నంద్యాల పోయే రైలు కట్ట ఉంది. 2000లో రైల్‌టెల్ ఏర్పడ్డాక ఫైబర్లకు రైలు కట్టల వెంబడి చోటు దొరికింది. రోడ్డు మీద జేసీబీ తవ్వినట్టు కట్ట మీద ఎవడూ తవ్వడు. ఆయనకు వచ్చే బ్యాండ్‌విడ్త్ ఆ దారినే వస్తుంది, పోలేదు. ఫోను కలవక బండేసుకుని పోయాను. నన్ను చూసి, ముందు అన్నం తిను అన్నాడు.

రెండు వైపులా కోల్డ్ స్టోరేజీల పైకప్పులు ఉన్నాయి. మధ్య దూరం పది కిలోమీటర్ల పైన. తడిసిన రేకుల మీద నడవటం, పక్కనే ఇంకా కరెంటు రాని ట్రాన్స్‌ఫార్మరు, పైన డిష్ పట్టుకున్న కుర్రాడు. ఈ చివర వేలెడు తిప్పితే ఆ చివర సిగ్నలు పోతుంది. ఫోన్లు సరిగా లేవు కాబట్టి అటు ఎంత వస్తుందో ఇటు చెప్పేవాడు లేడు. రేడియో దానంతట అది చూపించే అంకెను నమ్ముకుని తిప్పుతూ పోయాం. మధ్యలో సుబాబుల్ తోట. తుపానుకు చెట్లు కొన్ని ఒరిగాయి. ఆ తోట రైతుకు అది నష్టమే, నాకు మాత్రం ఆ సందులోంచే సిగ్నలు వచ్చింది. చెప్పుకోవటానికి సిగ్గుగా ఉన్నా అదే జరిగింది.

వచ్చింది రెండు వందల ఎంబీ దాకా. నా రెండు లైన్లూ కలిపితే వచ్చేదానిలో చిన్న ముక్క. దానితోనూ తిరకాసు ఉంది. నాకు సొంత ఐపీ అడ్రసుల గుంపు ఉంది. వాటిని ఫలానా కంపెనీ ద్వారా వస్తున్నాయని లోకానికి చాటాలంటే పైవాళ్లు ముందుగా అనుమతి పత్రం తీసుకుని తమ ఫిల్టర్లలో ఎక్కించాలి. తుపాను రోజున ఆ పని చేసే దిక్కు లేదు. అందుకని మా జనాన్నంతా ఆయన అడ్రసుల వెనక దాచాం. దానర్థం, మా ఊళ్లో ఎవడన్నా నెట్‌లో తప్పుడు పని చేస్తే పోలీసులు పోయేది ఆయన ఇంటికి. ఎవరు ఏ నిమిషాన ఏ అడ్రసు వాడారో ఆ రికార్డులు (లాగ్‌లు) రెండేళ్లు భద్రం చేయాలని 2021 డిసెంబరు నుంచి లైసెన్సు షరతు. నా లాగ్‌లు ఒక్క గంట కూడా తప్పకుండా నీకిస్తానని చెప్పాను. రాసుకోలేదు. అంతకు ముందు రాసుకున్న కాగితం ఏం పనికొచ్చిందో చూశాం గదా.

ఆ రెండు వందల ఎంబీని ఎలా పంచాలనేది ఇంకో బాధ. వీడియో నాణ్యత బాగా కిందికి దించేశాను. వాట్సాప్, యూపీఐ, సచివాలయం, ఆసుపత్రి ముందు. ఆఫీసు పనివాళ్లకు కొంచెం. సినిమాలు ఆగిపోయాయి. ఒకాయన వచ్చి, నెలకు 400 కడుతున్నా, పాటలు రావటం లేదని గొడవపడ్డాడు. ఆయన చేలో నీళ్లున్నాయి, పాటలు వినకపోతే ఏం చేస్తాడు అనిపించి ఊరుకున్నాను. పెద్దమ్మ కూతురితో మాట్లాడింది. మొహం కనిపించీ కనిపించకుండా వచ్చిందట, గళ్లుగళ్లుగా. అయినా చాలన్నది.

కంపెనీల లైన్లు బాగుపడ్డాక, ఆ నెల బిల్లులు రెండూ పూర్తి మొత్తానికి వచ్చాయి. ఒప్పందంలో నెలకు 99.5 శాతం లైను నిలబెడతామని ఉంది. ముప్పై రోజుల నెలకు లెక్కేస్తే మూడున్నర గంటలు పోవచ్చన్నమాట. అంతకు మించితే తగ్గింపు ఇవ్వాలి. అడిగితే ఇంకో పేజీ చూపించారు: ప్రకృతి వైపరీత్యాలకు వర్తించదు. తుపాను దేవుడి పని, ఒప్పుకుంటాను. రెండు లైన్లు ఒకే కేబుల్లో పెట్టటం ఏ దేవుడి పని? అదే రాసి పంపాను. టికెట్ నంబరు వచ్చింది. కొన్నాళ్లకు ఆ టికెట్ మూసేసినట్టు ఇంకో మెసేజీ వచ్చింది. బాకీ కట్టకపోతే లైను ఆపేస్తారు కాబట్టి కట్టాను.

నా కస్టమర్లకు మాత్రం ఆ రోజుల డబ్బు తగ్గించాను. పై నుంచి రాని తగ్గింపు కింద ఇవ్వక తప్పలేదు, లేకపోతే మిగిలేవాళ్లు కారు. అయినా కొందరు పోయారు. తుపానుకు ముందు సెప్టెంబరులోనే వినాయక చవితికి ఎనిమిది నగరాల్లో జియో ఎయిర్‌ఫైబర్ మొదలైంది. అలాంటివి పల్లెలకు రావటానికి ఎంతోకాలం పట్టదని అప్పటికే అందరికీ తెలుసు. ఆ కంపెనీలకు సొంత ఫైబర్లు వేల కిలోమీటర్లు ఉంటాయి. ఎక్కడ ఏ గొట్టంలో ఏ జత ఉందో వాళ్ల తెర మీద కనిపిస్తుంది. మాకు అమ్మేవాడి వెనక ఒకడు, వాడి వెనక ఒకడు. ఆ వరసలో కిందివాడికి పైవాడి దారి తెలియదు. అడిగితే చెప్పరు. తెలుసుకునే హక్కు నాకుందని రాసిన చోటు నా ఒప్పందంలో ఎక్కడా లేదు. ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. తీగ తెగటం పెద్ద విషయం కాదు, మేం పుట్టిన దగ్గర్నుంచీ తుపానులు చూస్తున్నవాళ్లమే. 2010లో లైలా కూడా బాపట్ల దగ్గరే తీరం దాటింది. డబ్బు కట్టి కొన్న రెండో దారి నిజంగా ఉందో లేదో అది పోయే రాత్రి దాకా తెలుసుకునే వీల్లేకపోవటం, అదీ బాధ.

ఏడాది గడువు తీరగానే రెండో కంపెనీని వదిలేశాను. ఆ డబ్బుతో నరసరావుపేట ఆపరేటరూ నేనూ ఒప్పందం రాసుకున్నాం. ఆయన దగ్గర నాకు కొంత ఎప్పుడూ వస్తుంటుంది, నా దగ్గర ఆయనకు అంతే పోతుంటుంది. ఎవరి లైను పోయినా రెండోవాడిది అందుకుంటుంది. అనుమతి పత్రాలు, ఫిల్టర్లు అన్నీ ముందే ఎక్కించుకున్నాం. ఏ అర్ధరాత్రో కలిసి కావాలని ఒకరి లైను ఒకరం పీకి చూసుకుంటాం. ఈ మధ్య ఇంకో కంపెనీ మనిషి వచ్చాడు, మంచి రేటు చెప్పాడు. రూట్ మ్యాప్ అడిగితే మళ్లీ అదే మాట, బయటికి ఇవ్వకూడదట. మీ మనిషినొకణ్ని పంపండి, మా ఊరి నుంచి హైవే దాకా మీ జాయింటు పెట్టెలు ఎక్కడున్నాయో చూపిస్తే చాలు, నేను నడిచి వస్తానన్నాను. అడిగి చెబుతానని పోయాడు.

రేడియో లింకుకు మాత్రం పాత పేచీ తప్పలేదు. ఒరిగిన చెట్లు కొట్టేశాక తోట మళ్లీ చిగురించింది, సిగ్నలు అంకె తగ్గుతూ వస్తోంది. ఎప్పుడు కొట్టిస్తావు బాబాయ్ అని ఆ రైతును అడిగితే, టన్నుకు రేటు పెరిగితే కొట్టిస్తానంటాడు. పెరిగేలా లేదు. అటువైపు మాస్టుకు ఇంకో పదడుగుల ముక్క చేయించమని చిలకలూరిపేటలో వెల్డింగు షాపుకు చెప్పొచ్చాను.